బొమ్మల బంగ్లాలో బేస్తవారం

"ఆ బంగ్లా పేరు నా ముందట తియ్యొద్దన్ననా, లేదా?"

గుర్వయ్య జొన్న గటక గిన్నె పక్కకు జరిపి లేచాడు. సగం కూడా తినలేదు.

"నేనేడ తీసిన? నల్గొండ దవాఖానకు పోతమన్న. పిల్లకు దగ్గు తగ్గుతలేదు" అంది లక్ష్మీనర్సమ్మ.

"దగ్గా?"

గుర్వయ్య కూతురి వైపు చూశాడు. గడప దగ్గర కూర్చున్న గుర్వమ్మ ఒకసారి దగ్గింది. ఆ దగ్గు తనకే అబద్ధంలా వినిపించి తల వంచుకుంది.

"బేస్తారం నాడే వస్తదా ఆ దగ్గు?"

చూరు కింద కట్టేసిన పిల్లగొర్రె ఒక్కటే అరుస్తోంది.

ఇల్లరికపు అల్లుడు బీరన్న ఇల్లు విడిచి పక్షం రోజులైంది. సోమవారం మంద కృష్ణ ఒడ్డుకు కదలాలి. ఎండలు ముదిరితే ఏటా పోయేదే. వానలు పడ్డాకే రావడం. "మంద ఎంబడి వస్తే నా ఇంటి మనిషివి, రాకుంటే నీ తోవ నీది" అన్నాడు గుర్వయ్య, అల్లుడు ఇల్లు విడిచిన పొద్దున. బీరన్న డోలు భుజాన వేసుకొని నల్గొండ తోవ పట్టాడు.

అక్కడ రామచంద్రం సారు అనే ఆయన బొమ్మలు గీసి మేడ నిండా వేలాడదీశాడు. పగలంతా జనం వచ్చి చూసి పోతారు. బేస్తవారం పొద్దుగూకే వేళ అదే మేడలో పాట పెడతాడు. ఊరంతా బొమ్మల బంగ్లా అంటారు. బీరన్నకు అక్కడ రంగులు నూరే పని దొరికింది, పాడే పని దొరికింది. ఒక అర్ర కిరాయికి తీసుకొని పెళ్ళాన్ని రమ్మని కబురు పంపాడు.

ఆ కబురే ఈ ఇంట్లో గటక గొంతు దిగనివ్వడం లేదు.

"పాడొద్దని నేనన్ననా?" అన్నాడు గుర్వయ్య, కర్ర కోసం మూల వెతుకుతూ. "వాడు పాడితేనే మంద మంచిగ పండుకుంటది. ఆ మాట నేనే పదిమందికి చెప్పిన. బొమ్మల ముందట కూసోని పాడుడేంది? బొమ్మలు ఇంటయా?"

"మనుషులు గూడ వస్తరట" అంది గుర్వమ్మ మెల్లగా.

"నువ్వు జూసినవా?"

"నేనేడ జూసిన? నువ్వు జూసినవా బాపు?"

గుర్వయ్యకు కర్ర దొరికింది. గొంగడి భుజాన వేసుకొని వాకిట్లోకి దిగాడు. అక్కడ ఆగి, వెనక్కి తిరగకుండానే అన్నాడు.

"నేను మంద కాడికి పోతున్న. దవాఖానల జర మంచిగ చూపించుకోండ్రి."

అతను సందు మలుపు తిరిగేదాకా తల్లీకూతుళ్ళు కదలలేదు. తర్వాత గుర్వమ్మ పెట్టె తెరిచి ఆకుపచ్చ చీర తీసింది.

"దవాఖానకు గా చీరెనా?" అంది లక్ష్మీనర్సమ్మ.

"పాతది కట్టుకుంటే రోగమనుకుంటరు."

తల్లికి నవ్వొచ్చింది.

*

ఊరి బండాయన గాలయ్య బండిలో నల్గొండకు మూడు కోసుల దూరం. రెండెడ్లూ ముసలివి. గాలయ్య వాటిని కొట్టడు, బతిమాలుతాడు. దారి పొడుగునా మోదుగ పూలు ఎర్రగా రాలి ఉన్నాయి.

"అమ్మా, నువ్వెందుకొస్తున్నవో నాకెరికే" అంది గుర్వమ్మ.

"ఎందుకు?"

"ఆయన్ని తోలుకపోతానికి."

"గొర్రెనా తోలుకపోతానికి? అడుగుత. వస్తే వస్తడు."

"రాకుంటే?"

లక్ష్మీనర్సమ్మ దూరంగా కనబడే లతీఫ్ సాబ్ గుట్ట వైపు చూసింది. రాకుంటే ఏమవుతుందో ఆమెకు తెలుసు. పేరు పెట్టి చెప్పడమే చేతకాదు.

ఆమెకు ఒక చెల్లెలు ఉండేది. కృష్ణ అవతలి ఊరికి ఇచ్చారు. ఏరు దాటించే పుట్టి ఎక్కేటప్పుడు ఆ పిల్ల ఏడవలేదు, చెయ్యి ఊపింది. ఒడ్డున నిలబడిన వాళ్ళు పుట్టి చిన్నదయ్యేదాకా చూశారు. ఏడాది తిరక్కుండా కలరా వచ్చిందని కబురొచ్చింది. మనిషి మాత్రం మళ్ళీ కనబడలేదు. అందుకే తన ఒక్కగానొక్క బిడ్డను ఏ ఊరికీ ఇవ్వనంది లక్ష్మీనర్సమ్మ. సంబంధాలు తిప్పి కొట్టి, కురుమల్లో అందరూ నవ్వినా వినక, ఇల్లరికం తెచ్చుకుంది. వెళ్ళిపోయే దారే లేకుండా చేసుకున్నాననుకుంది. ఇప్పుడు ఆ అల్లుడి చెయ్యి పట్టుకొనే బిడ్డ వెళ్ళిపోయేట్టుంది.

"మూడు కోసులే కదా అమ్మా" అంది గుర్వమ్మ, అడగని ప్రశ్నకు జవాబుగా.

"మూడు కోసులే" అంది తల్లి.

*

బంగ్లా మెట్ల కింద బీరన్న నిలబడి ఉన్నాడు. తెల్లటి అంగీ తొడిగాడు. చేతివేళ్ళకు నీలం రంగు అంటుకొని ఉంది. అత్తను చూసి రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు.

"వచ్చిండ్రా అత్తమ్మా" అన్నాడు. తర్వాత పెళ్ళాన్ని చూశాడు. "నువ్వు గూడనా?"

"దవాఖానకొచ్చిన."

"ఏమైంది?"

"దగ్గు."

"ఏదీ, దగ్గు."

గుర్వమ్మ దగ్గబోయి నవ్వేసింది. బీరన్న కూడా నవ్వాడు. పక్కన తల్లి ఉందని ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది. పక్షం రోజులుగా తన ఇంట్లో ఈ నవ్వు లేదని లక్ష్మీనర్సమ్మకు అప్పుడే తెలిసింది.

పైన మేడ పొడుగ్గా ఉంది. పడమటి కిటికీల్లోంచి ఎండ పచ్చగా పడుతోంది. గోడల నిండా బొమ్మలు. తాటివనంలో కల్లు గీసి చెట్టు దిగుతున్న గౌండ్లాయన, సంతలో గాజులు తొడిగించుకుంటున్న పడుచు, బావి కాడ మోట లాగుతున్న ఎడ్లు. ఎడ్ల నోటి నురగ కూడా కనబడుతోంది. జనం చెప్పులు కింద విడిచి వచ్చి జంపఖానా మీద సర్దుకుంటున్నారు. వకీళ్ళు, వాళ్ళ ఇంటి ఆడవాళ్ళు, మగ్గం నేసే సాలోళ్ళు, కచేరీ జవానులు, కూరగాయల గంపలు కింద దించి వచ్చిన ఇద్దరు ముసలమ్మలు.

లక్ష్మీనర్సమ్మ నిలబడే ఉంది.

"కూసో అమ్మా" అంది గుర్వమ్మ.

"ఎటు దిక్కు కూసోవాలె? అన్ని దిక్కుల బొమ్మలే ఉండె. వీపు ఎట్ల పెడుదు?"

ఆమె ఎరిగిన బొమ్మలు దేవుడివే. దేవుడికి వీపు చూపించి కూర్చోవడం ఇంటా వంటా లేదు. కూరగాయల ముసలమ్మ ఒకతె చెయ్యి పట్టి లాగింది.

"కూసో చెల్లె. మొదటి బేస్తారం నేను గూడ గట్లనే నిలబడ్డ. గా తాళ్ళెక్కెటోనికి మొక్కి గూడ మొక్కిన."

పక్కనున్నవాళ్ళు నవ్వారు. లక్ష్మీనర్సమ్మ గోడకు ఓరగా, ఏ బొమ్మకూ పూర్తిగా వీపు తగలకుండా కూర్చుంది. సైదులు అనే డోలక్ మనిషి అందరికీ చాయ్ పంచాడు. చాయ్‌లో బెల్లం వేశారు. వేడిగా, కమ్మగా ఉంది. ఆమె ఫికర్ కొంచెం తగ్గింది.

మేడ కొసన ఒక పెద్ద బొమ్మ మీద దుప్పటి కప్పి ఉంది. కొత్త బొమ్మ అయితే పాటకు ముందు దుప్పటి తీయడం అక్కడి అలవాటు. బీరన్న, సైదులు దాని ముందు, జనం వైపు మొహం పెట్టి కూర్చున్నారు. రామచంద్రం సారు, సన్నటి మనిషి, జుట్టు నెరిసింది, మాట్లాడకుండా వచ్చి దుప్పటి లాగి పక్కకు తప్పుకున్నాడు.

మధ్యాహ్నపు ఎండలో, తుమ్మల నీడన గొర్రెల మంద.

"అబ్బ" అన్నాడొక జవాను. "ఉన్ని చేతికి తగిలెటట్టున్నది."

బీరన్న డోలు మీద మెల్లగా తట్టి గొంతెత్తాడు.

*ఎండల ఏడికి పోతివె తెల్లగొర్రె, ఏటిగడ్డ దాటితివా,*
*నీడ జూపిన చెట్టుకన్న పిలిచిన నోరే సల్లగున్నదా...*

గుర్వమ్మ చూపు బొమ్మ మీద లేదు. మొగుడి మొహం మీద ఉంది. మంద కాడ అతని పాట ఆమె వేలసార్లు విన్నది. ఇంతమంది ఊపిరి బిగపట్టి వింటుంటే వినడం ఇదే మొదలు. ఆమె పెదవులు అతనితో పాటు కదులుతున్నాయి.

లక్ష్మీనర్సమ్మకూ పాట బాగుంది. ఎంత బాగుందంటే, ఎందుకొచ్చిందో ఆ కాసేపు మరిచిపోయింది. తల ఊపుతూ బొమ్మ చూసింది. ముందు వరసలో ఒక గొర్రె ఆమె వైపే చూస్తోంది. దాని ఎడమ చెవి కొసన చీలిక ఉంది.

ఆమె తల ఊపడం ఆగింది.

కురుమల్లో ప్రతి ఇంటికీ ఒక చెవి కోత. గొర్రెపిల్ల పుట్టిన నెలకు చెవి కోస్తారు. మంద మందతో కలిసినా, దొంగ తోలుకపోయినా, చెవి చూసి ఇది ఫలానా ఇంటిదని చెప్తారు. ఒకరి కోత ఇంకొకరు పెట్టరు, పెడితే కుల పంచాయితీలో నిలబడాలి. ఎడమ కొస చీలిక గుర్వయ్య ఇంటి కోత. బొమ్మలో ఆ గొర్రెకు ఉంది, దాని వెనక దానికీ ఉంది, దాని వెనక దానికీ ఉంది.

పాట అయ్యి జనం లేచి మసలుతుంటే ఆమె సరాసరి రామచంద్రం దగ్గరికి వెళ్ళి, గొంతు తగ్గించి అడిగింది.

"మా గొర్లు నీకెవరమ్మిండ్రు సారు?"

"గొర్రెలా?"

"గవ్వి. మా కోత ఉన్నది. మా అల్లుడు అమ్మిండా? నిజం చెప్పు, లొల్లి చెయ్య."

రామచంద్రం ఒక క్షణం బొమ్మను, ఒక క్షణం ఆమెను చూశాడు. అర్థమై నవ్వాడు. నవ్వు ఆపుకొని, దగ్గరికి వచ్చి మెల్లగా చెప్పాడు.

"మీరు గుర్వయ్య గారి ఇంటివారా? చెవి కోతలు ఆయన పెట్టించినవే."

"ఎవరు?"

"మీ ఇంటాయన. పోయిన బేస్తవారం మెట్ల మీద నిలబడి పాటంతా విన్నడు. లోపలికి రమ్మంటే రాలే. తెల్లారి బీరన్న చమురుకు బజారు పోయినంక పైకొచ్చిండు. గొర్ల బొమ్మ చూసి, చెవులు సాఫుగున్నయి, ఇవి ఎవరియి అని అడిగిండు. ఎవరివీ కావంటే ఒప్పుకోలే. దిక్కులేని మంద ఉంటదా అన్నడు. దగ్గర కూసోని ఒక్కొక్క దానికి కోత చెప్పిండు. అల్లునికి ఇప్పుడే చూపెట్టకు, తెలిసేటప్పుడు తెలుస్తదన్నడు. అందుకే ఇందాకటి దాక దుప్పటి తియ్యలే."

లక్ష్మీనర్సమ్మ గోడకు చెయ్యి ఆనించింది. ఆ బంగ్లా పేరు తీస్తేనే గిన్నె నూకేసే మనిషి. మెట్ల మీద నిలబడి విన్నాడట. ఆమెకు ముందు కోపం వచ్చింది, తర్వాత నవ్వొచ్చింది. ముసలాయన మెత్తబడ్డాడు. ఇంకేం, అల్లుణ్ణి పిలుచుకుంటాడు. సోమవారం మంద ముందు మామ, వెనక అల్లుడు. బిడ్డ ఇంట్లో తన పక్కన.

"మంచి పని చేసిండు" అంది. ఆ మురిపెంతోనే బొమ్మను మళ్ళీ చూసింది, ఈసారి కుడి కొస దాకా.

అక్కడ ఐదు గొర్రెలు మంద విడిచి బాట వైపు నడుస్తున్నాయి. వాటి ఎడమ చెవులు సాఫుగా ఉన్నాయి. కుడి చెవి అడుగున మాత్రం నెలవంకలా చిన్న గంటు.

"గవ్వి?" అంది.

"అవి గూడ ఆయన చెప్పినట్టే వేసిన. ఆ ఐదూ అల్లునియి, వాటికి మా కోత పెట్టకు అన్నడు. ఎందుకో నాకు తెల్వదమ్మా."

ఆమెకు తెలుసు.

పెళ్ళయి వచ్చేటప్పుడు బీరన్న తన తండ్రి మందలోంచి ఐదు గొర్రెలు తోలుకొచ్చాడు. కుడి చెవి నెలవంక అతని తండ్రి ఇంటి కోత. ఇల్లరికం వచ్చిన వాడి గొర్రెలు అత్తింటి మందలో కలవాలి గనుక, గుర్వయ్య ఆ రోజే వాకిట్లో కూర్చొని వాటి ఎడమ చెవులు కోశాడు. బీరన్న ఒక్కొక్క గొర్రె తల పట్టుకున్నాడు. రెండు కోతల గొర్రె ఆ ఇంటిదే. ఇక తిరిగి పోదు.

బతికున్న గొర్రెకు కోసిన చెవి అతకదు. బొమ్మలో అతికించాడు గుర్వయ్య.

ఇంట్లో అరుపులన్నీ పైపైనే. లోపల ఆయన మందను పంచేశాడు. అల్లుణ్ణి, ఆ చేత్తోనే బిడ్డను, విడిచిపెట్టేశాడు. తనతో ఒక్క మాట చెప్పకుండా.

"అత్తమ్మా."

బీరన్న వచ్చి వెనక నిలబడ్డాడు. పక్కన గుర్వమ్మ. లక్ష్మీనర్సమ్మ గబుక్కున తిరిగి, బొమ్మ కుడి కొసకు అడ్డంగా నిలబడింది. ఇందాక బొమ్మకు వీపు పెట్టనన్న మనిషి ఇప్పుడు వీపంతా దానికే ఆనించింది.

"పాట ఎట్లున్నది?" అన్నాడు బీరన్న.

"మంచిగున్నది బిడ్డా. గింత మంచిగ పాడుతవని నాకు తెల్వదు."

"నువ్వొస్తవనుకోలే. మామ..." బీరన్న వేళ్ళకున్న నీలం రంగు చూసుకున్నాడు. "మామ ఏమన్నడు?"

ఆమె కొంగు భుజం నిండా కప్పుకుంది.

"నేను ఒకటి అనుకున్న అత్తమ్మా. ఇదంతా నాకు పానం లెక్క. అబద్ధం చెప్ప. కానీ మామ ఒక్కసారి నోరు తెరిచి రమ్మంటే వస్త. సోమారం మంద ఎంబడి నడుస్త. నా తండ్రి పోయినంక నన్ను పిలిచి అన్నం పెట్టింది ఆయననే. ఆయన పిలిచినంక రానంటే నాకు పాట రాదు. పిలవకుంటే మాత్రం నేనీడనే ఉంట, ఈమెను గూడ తెచ్చుకుంట. నీకు కష్టమని ఎరుక."

గుర్వమ్మ నేల చూపులు చూస్తోంది. ఆకుపచ్చ కొంగును వేలికి చుట్టి విప్పి, మళ్ళీ చుడుతోంది.

"పిలిచిండా అత్తమ్మా?"

సైదులు డోలక్ తోలు బిగిస్తూ మధ్య మధ్య దరువు వేసి చూస్తున్నాడు. కూరగాయల ముసలమ్మ ఎవరితోనో తాటివనం గురించి మాట్లాడుతోంది. ఆ మేడలో అందరూ సుఖంగా ఉన్నారు. లక్ష్మీనర్సమ్మ కూడా కాసేపటి కింద సుఖంగానే ఉంది. ఒక్క మాట. అది చెప్తే పుట్టి ఒడ్డు విడవదు.

"పిలిచిండు" అంది.

"నిజమా?"

"నన్ను అందుకే పంపిండు. నువ్వు లేంది మంద పండుకుంటలేదన్నడు. పొద్దున్నే బండి కడుదమన్నడు."

బీరన్న కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. తర్వాత తల ఊపి, జంపఖానా మీద ఉన్న డోలు తెచ్చుకొని దాని గుడ్డ కప్పడం మొదలుపెట్టాడు. ముడి ఒక పట్టాన పడలేదు. గుర్వమ్మ వంగి ఆ ముడి వేసింది. వేస్తూ తల్లిని చూసింది. ఆ చూపులో కోపం లేదు. అడగడం ఉంది.

"బాపు గట్లన్నడా అమ్మా? గా మాటనే అన్నడా?"

"అన్నడంటున్న గదనే."

కింద వాకిట్లో గొర్రె అరిచింది.

ఒకటి కాదు. ఒకదాని వెనక ఒకటి. పొద్దంతా నడిచి, నీళ్ళు కావాలని అడిగే అరుపు. మేడలో మాటలు తగ్గాయి. జవాను ఒకడు బొమ్మ వైపు చూసి, "గొర్లు అరుస్తున్నయే" అన్నాడు. అందరూ నవ్వారు. ముగ్గురు మాత్రం నవ్వలేదు. వాళ్ళకు ఆ గొంతులు తెలుసు.

మెట్ల మీద కర్ర చప్పుడు. గుర్వయ్య గుమ్మంలో నిలబడ్డాడు. కాళ్ళు మోకాళ్ళ దాకా దుమ్ము. ఈసారి ఎవరూ రమ్మనకముందే లోపలికి వచ్చాడు. అల్లుడి చేతిలో గుడ్డ కప్పిన డోలును చూశాడు. పెళ్ళాం నిలబడ్డ చోటును చూశాడు. ఆమె వెనక ఏముందో ఆయనకు తెలుసు.

"మామా" అన్నాడు బీరన్న. గొంతు సర్దుకున్నాడు. "అత్తమ్మ చెప్పింది. నువ్వు నన్ను పిలిచినవట. పొద్దున వస్త."

గుర్వయ్య లక్ష్మీనర్సమ్మ మొహంలోకి చూశాడు. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆమె ఆయనను ఏమీ అడిగింది లేదు. ఇప్పుడూ నోటితో అడగలేదు. ఆమె కళ్ళ నిండా నీళ్ళు నిలిచాయి గాని, ఒక్క చుక్కా రాలలేదు.

ఆయన భుజం మీది గొంగడి తీసి, మెల్లగా మడిచి, చంకన పెట్టుకున్నాడు.

"ఔ" అన్నాడు. "ఆమె చెప్పిందంటే పిలిచిననే."

లక్ష్మీనర్సమ్మ ఊపిరి వదిలింది.

గుర్వమ్మ అప్పటికే కిటికీ దగ్గరికి నడిచింది. ఊచలు పట్టుకొని వాకిట్లోకి తొంగి చూసింది. కింద ఐదు గొర్రెలు, ఒకే పలుపుకు కట్టి, గోడ వారగా నిలబడి తలలెత్తి అరుస్తున్నాయి. ఆమె వాటి కుడి చెవుల నెలవంక గంట్లను చూసింది. తిరిగి తండ్రి ముందుకు వచ్చి నిలబడింది.

"మరి ఈ ఐదు గొర్లనే ఎందుకు తోలుకొచ్చినవు బాపు?"